చుప్ అన్న గోరింక

గమ్హరియా సేఠ్‌గారి పక్షుల అభయారణ్యానికి నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి పత్రికకి రాయడానికి. రెండోసారి మా అమ్మని వెంటబెట్టుకుని పోట్లాటకి. మూడోసారి గేటు దాటనివ్వలేదు.

డెబ్భైల చివరి మాట ఇది. జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న హిందీ దినపత్రికలో విలేకరిగా ఉండేవాణ్ణి. సాక్చి బజారు వెనక ప్రెస్సు, ప్రెస్సు మేడ మీద నా గది. నాన్న పోయాక అమ్మ ఆదిత్యపూర్‌లో అక్కా బావల దగ్గర ఉండేది. కూతురింట్లో ఉండడం ఆవిడకి ఇష్టం లేదు. కానీ నా గదిలో పొయ్యి పెట్టుకునే చోటు లేదు. బావ గమ్హరియాలో సేఠ్ ఫ్యాక్టరీకి మనుషుల్ని తెచ్చి రేకుల పని చేయించే చిన్న ఠేకేదారు. సేఠ్ పిలిస్తే పని ఉండేది, పిలవకపోతే లేదు.

అమ్మకి ఒక కొండ గోరింక ఉండేది. జుగ్సలాయి సంతలో అడవి నుంచి తెచ్చినవాడి దగ్గర, ఈకలు సరిగ్గా రాని పిల్లగా ఉన్నప్పుడు తీసుకుంది. పెరిగాక నల్లగా నిగనిగలాడేది. కళ్ల వెనక పసుపుపచ్చ తోలు వేలాడేది. దానికి రామనామం నేర్పాలని అమ్మ రెండేళ్లు పట్టుబట్టింది. పొద్దున్నే బొగ్గుల పొయ్యి రాజేసి, పొగ తగ్గేదాకా పంజరం దగ్గర కూర్చుని, "రామ రామ. చెప్పు. రామ రామ. చెప్పు చెప్పు" అనేది. అది రెండేళ్లూ శ్రద్ధగా విని ఆఖరి మాట ఒక్కటి నేర్చుకుంది. అమ్మ "రామ రామ" అంటే అది "చెప్పు" అనేది. ఏదో ఫిర్యాదు వినడానికి కూర్చున్న పెద్దమనిషిలా, తల పక్కకి వంచి మరీ అనేది.

బావ వేళాకోళం చేసేవాడు. "అత్తా, నీ పిట్ట చెప్పు అడుగుతన్నాది. నా కాలిది ఇచ్చీనా?"

"నీ కాలిది దాని నోటికి పట్టదు బాబూ" అనేది అమ్మ. "నీ నోటికైతే పడతాది."

అప్పటికి అది ఇంట్లో నవ్వుకునే మాటే.

ఆ ఏడాది అమ్మ కంట్లో శుక్లం తీశారు. పది రోజులు ఆసుపత్రి. ఇంటికి వచ్చేసరికి పంజరం ఖాళీ. "నీళ్లు పెడతంటే ఎగిరిపోనాదత్తా. నది వేపు పోనాది. నానేటి చేత్తాను" అన్నాడు బావ. అమ్మ కంటికి ఆకుపచ్చ గుడ్డ ఇంకా తీయలేదు. ఆ గుడ్డతోనే తడుముకుంటూ వెళ్లి పంజరం తలుపు తెరిచి, లోపల అరటిపండు ముక్కలు పెట్టించింది. నెల రోజులు రోజూ కొత్త ముక్కలు పెట్టించింది. చీమలు పట్టి అక్క విసుక్కునేది.

గుడ్డ విప్పిన కొన్నాళ్లకి బావ నా గదికి వచ్చాడు. మామూలుగా రాడు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పంటాడు.

"బామ్మర్దీ, మా సేఠ్ పిట్టల అడవి పెట్టినాడు. విదేశాల నుంచి తెప్పించినాడు. ఆదివారం పేజీలో రాయకూడదా? నా మాట చెల్లుతాది."

మా సంపాదకుడికి ఆదివారం పేజీ నింపడం ఎప్పుడూ కష్టమే. సరే అన్నాడు. వెళ్లాను.

గేటు మీద హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో అభయారణ్యమని రాసి ఉంది. లోపల ఉన్నది ఫ్యాక్టరీ వాళ్లు వదిలేసిన పాత షెడ్డు. పైన కొంత రేకు తీసేసి వల కట్టారు. పక్కనున్న బాయిలరు నుంచి గొట్టం లాగి ఆవిరి వదిలేవారు, ఉష్ణదేశపు పక్షులకి చలి తగలకూడదని. ఆ ఆవిరికి ఇనుప స్తంభాలు తుప్పు కారేవి. అడుగుపెట్టగానే చొక్కా ఒంటికి అతుక్కుంది. రెట్ట వాసనా కుళ్లిన పండ్ల వాసనా కలిసి గొంతులో నిలబడ్డాయి. మకావ్ చిలుకలు ఎర్రగా, నీలంగా, రంగుల డబ్బాలో ముంచి తీసినట్టున్నాయి. వాటిలో ఒకటి తన రొమ్ము ఈకలు తనే పీక్కుని కోడి తోలులా చేసుకుంది. తెల్లటి కాకటూలు వలని ముక్కుతో పట్టుకుని లాగుతూ కేకలు పెడుతున్నాయి. హార్న్‌బిల్ ఒకటి మూలన, గోడకి ముఖం పెట్టి కూర్చుంది. అక్కడ ఒక్క పక్షి కూడా మరో పక్షిని పక్కన కూర్చోనివ్వడం నేను చూడలేదు.

ఇవేవీ నేను రాయలేదు. ఆదివారం పేజీకి కావలసింది రంగులు. రంగుల గురించి రాశాను.

సేఠ్ తెల్ల పంచె, చేతిలో వెండి పిడి కర్రతో ముందు నడిచాడు. బావ వెనక. కర్రతో వల మీద కొట్టి, ఉలిక్కిపడి ఎగిరిన పక్షి పేరు చెప్పేవాడు సేఠ్. అన్నీ అయ్యాక చివరి గది దగ్గర ఆగాడు. "ఇది మన దేశపుదే. సారండా అడవిది. దీని దగ్గర కలెక్టరైనా నోరు మూసుకోవాలి. ఎవరు మాట్లాడినా చుప్ అంటుంది" అన్నాడు హిందీలో. గదిలో ఒక కొండ గోరింక ఉంది. సేఠ్ కర్ర ఎత్తి "బోలో" అన్నాడు. అది తల పక్కకి వంచి ఏదో అంది. సేఠ్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వి పుస్తకంలో "చుప్" అని రాసుకున్నాను. "టైమైపోతంది బామ్మర్దీ, టీ చల్లారిపోతాది" అని బావ మోచెయ్యి పట్టుకుని లాగాడు.

వార్తల పనిలో అప్పటికే ఏడేళ్లున్నవాణ్ణి. ఎవరైనా ముందే ఇది అని చెప్పి చూపిస్తే చెవి అదే వింటుందని తెలియనివాణ్ణి కాదు. అయినా అదే విన్నాను.

ఆదివారం నాలుగు కాలమ్‌ల వ్యాసం వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక: అందరినీ చుప్ అనే మైనా. సేఠ్‌కి నచ్చింది. బావకి కొత్త షెడ్డు పని దొరికింది.

అమ్మకి హిందీ చదవడం రాదు. నా వ్యాసాలు అక్క కూతురు చదివి వినిపించేది. నేను ఏం రాసినా చివర "మావాడు రాసినాడు" అని పేపరు మడిచి తలగడ కింద పెట్టుకోవడం అమ్మ అలవాటు. ఆ ఆదివారం మడవలేదట. పిల్లని మళ్లీ చదవమందట. మూడోసారి చదవమన్నప్పుడు పిల్ల విసుక్కుని, "నానీ, కిత్‌నీ బార్?" అందట. ఎన్నిసార్లని.

మధ్యాహ్నం మూడింటికి అమ్మ నా గది మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో బట్టల మూట. రెండో చేతిలో ఖాళీ పంజరం. ఖర్కాయి వంతెన మీదుగా టెంపోలో, ఆ పంజరం ఒళ్లో పెట్టుకుని వచ్చిందట.

"ఆ పిట్ట ముందు రామ రామ అన్నావేటి?" అంది, కూర్చోకుండానే.

"ఏ పిట్ట?"

"చుప్ అన్నాదని రాసినావు గదా, ఆ పిట్ట."

"అది సారండా పిట్టమ్మా. హిందీలో చుప్ అంటుంది."

"రామ రామ అన్నావా, లేదా?"

"అనలేదు."

"మరేటి ఇన్నావురా నువ్వు? సేఠ్ నోట్లోది ఇన్నావు. పిట్ట నోట్లోది ఇనలేదు." పంజరం నా రాతబల్ల మీద, కాగితాల మీద పెట్టింది. "అది చుప్ కాదు. చెప్పు. నా పిట్ట."

నాకు ఒక్కసారిగా మోచెయ్యి గుర్తొచ్చింది. బావ పట్టుకు లాగిన చోటు. అమ్మకి ఆ మాట చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకి తెలిసిపోయింది.

"అక్కకి తెలుసా?" అన్నాను.

"దాన్నడగలేదు. అడగను" అంది అమ్మ. ఆ రాత్రి నుంచి మేడ మీద వరండాలో కిరసనాయిలు స్టవ్ పెట్టింది. అల్లుడి గడప ఇక తొక్కనంది.

తర్వాతి ఆదివారం వెళ్లాం. వ్యాసం చూసి జనం బాగానే వచ్చారు. గేటు దాటగానే గోడకి నా వ్యాసం కనబడింది. అద్దం వేసి, చెక్క ఫ్రేమ్ కట్టించారు. అమ్మ దాని ముందు ఆగింది. "ఇదేనా?" అంది. అవునన్నాను. లోపలికి నడిచింది.

సేఠ్ నలుగురు ఆఫీసర్లకి, వాళ్ల భార్యలకి పక్షులు చూపిస్తున్నాడు. బావ పళ్లెంలో లడ్డూలు పట్టుకుని వాళ్ల వెనక తిరుగుతున్నాడు. మమ్మల్ని చూడగానే పళ్లెం ఒక బల్ల మీద పెట్టేసి పరుగున వచ్చాడు.

"అత్తా, ఇక్కడేటి పని నీకు? ఇంటికి పద, మాటాడుకుందాం."

అమ్మ అతని వైపు తిరగలేదు. నాతో అంది: "ఆ బాబుని అడగరా. పిట్ట ఏ వేపు ఎగిరిపోనాదో అడగరా. గమ్హరియా వేపేనా అని."

ఆ రోజుతో అమ్మ అల్లుడితో సూటిగా మాట్లాడడం మానేసింది. ఎదురుగా ఉన్నా మాట నా చేతే పంపేది.

చివరి గది దగ్గరికి వెళ్లాం. వ్యాసం వల్ల అక్కడే గుంపు ఎక్కువ. అమ్మ వల పట్టుకుని, కొత్త కంటద్దాలు సరిచేసుకుని లోపలికి చూసింది. ఏ గోరింక అయినా నలుపే. అన్నిటికీ పసుపు తోలే. గుర్తుపట్టడానికి ఒంటి మీద ఏమీ లేదు. అమ్మ మామూలు గొంతుతో, పొయ్యి దగ్గర కూర్చున్నట్టే "రామ రామ" అంది.

గోరింక తల పక్కకి వంచింది. "చెప్పు" అంది.

నాకు స్పష్టంగా వినబడింది. మొదటిసారి వచ్చినప్పుడు విన్నదీ అదే శబ్దం. అక్షరం తేడా లేదు.

సేఠ్ కూడా అక్కడికి వచ్చేశాడు. నవ్వుతూ ఆఫీసర్ల వైపు తిరిగాడు. "చూశారా, మాతాజీ దేవుడి పేరు తలిస్తే కూడా చుప్ అంటోంది. నాస్తికురాలు." అందరూ నవ్వారు. అందరికన్నా బావ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగాక అమ్మ హిందీలో చెప్పింది. నలభై ఏళ్లు ఈ ఊళ్లో కూరగాయలు బేరమాడిన హిందీ అది. దానిలో మర్యాదలు ఉండవు. ఈ పిట్ట నాది, నాకు కళ్లు కనబడనప్పుడు దొంగిలించారు, చుప్ కాదు చెప్పు, మా భాషలో దానికి మాట్లాడమని అర్థం, ఇచ్చెయ్యి. అంతే.

సేఠ్ నవ్వు ఆపాడు. బావని పిలిచాడు. "దీన్ని సారండా నుంచి తెప్పించానని నాకు కానుక ఇచ్చింది నువ్వే కదా?"

బావ ముఖం ఆ ఆవిరిలో ముందే చెమటగా ఉంది. నన్ను చూశాడు. అమ్మని చూశాడు. "జీ, సేఠ్‌జీ" అన్నాడు. "మైనాలన్నీ ఒకేలా ఉంటాయి. మా అత్తగారికి పెద్దతనం. ఆపరేషన్ అయింది."

"ఆపరేషన్ కంటికిరా. చెవికి కాదని ఆ బాబుకి చెప్పు" అంది అమ్మ నాతో.

నేను ముందుకి వచ్చి, ఈ పిట్ట మా అమ్మదే, నేనే తప్పు విని రాశానని సేఠ్‌తో చెప్పాను. ఆయన కర్రతో గేటు వైపు, ఫ్రేమ్ వైపు చూపించాడు.

"నువ్వు ఏడు రోజుల కిందట అచ్చు వేశావు, చుప్ అని. ఈ ఊరు మొత్తం చదివింది. ఇప్పుడు నోటితో వేరే మాట చెబుతున్నావు. నేను ఏది నమ్మాలి, అచ్చునా నోటినా?" ఆఫీసర్ల వైపు తిరిగాడు. వాళ్ల ముందు పెద్దమనసు చూపించడం అవసరమనిపించినట్టుంది. "సరే. తప్పని అచ్చులో రాయి. నీ పత్రికలో వచ్చిన రోజున మైనాని మాతాజీ ఇంటికి పంపిస్తాను. ఇదే అల్లుడు మోసుకొస్తాడు."

ఏ పత్రికా పిట్ట మాటకి సవరణ వెయ్యదని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు.

గేటు బయట బావ నా దారికి అడ్డం నిలబడ్డాడు. "నా పొట్ట మీద కొడతన్నారు. మీ అక్క, పిల్ల ఏటి తింటారు? ఒక పిట్ట కోసరం."

"ఆ బాబు పొట్టకి నా పిట్టే దొరికినాదా అని అడగరా" అంది అమ్మ.

అడగలేదు. బావ విన్నాడు కదా.

మర్నాడు సంపాదకుడి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు. "మైనాకి భూల్ సుధారా, తప్పు దిద్దుబాటా? రేపు వీధి కుక్కలు వస్తాయి, మేము మొరిగింది మీరు తప్పు రాశారని. వెళ్లు, పని చూసుకో." పక్కనున్న ఇద్దరు ముగ్గురు అరగంట నవ్వుకున్నారు. నేను దాటుతుంటే ఒకడు "చుప్" అన్నాడు.

గదికి వెళ్తే అమ్మ స్టవ్ మీద అన్నం దించుతోంది. పంజరం కడిగి, అడుగున కొత్త కాగితం పరిచి ఉంది. అది మా పత్రికే. వేశారా అని అడిగింది. లేదన్నాను. "నాను రెండు మాటలు నేర్పితే అది ఒకటి నేర్చుకున్నాది. నీకు ఇరవయ్యేళ్లు మాటలు నేర్పినాను. ఇంట్లో మాట ఇంట్లోదని తెలీలేదు నీకు" అంది. అన్నం వడ్డించి, తను తినకుండా లేచి వెళ్లింది.

సంపాదకుడు పట్నా వెళ్లిన రోజున, రాత్రి పేజీలు కడుతున్నప్పుడు, సవరణల కింద మూడు వాక్యాలు నా చేత్తోనే పెట్టించాను. గమ్హరియా పక్షుల గురించిన వ్యాసంలో మైనా పలికిన మాటను "చుప్" అని ప్రచురించాం. అది తప్పు. ఆ మాట "చెప్పు", తెలుగులో దానికి మాట్లాడమని అర్థం.

సంపాదకుడు తిరిగొచ్చాక నా టేబుల్ మార్చారు. ఆ తర్వాత రెండేళ్లు రైళ్ల రాకపోకల వేళలు సరిచూడడం నా పని. ఆదివారం పేజీ మళ్లీ నా చేతికి రాలేదు.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. పిట్ట రాలేదు. అమ్మ రోజూ పంజరంలో కాగితం మార్చేది. మూడో ఆదివారం సవరణ వచ్చిన పేపరు జేబులో పెట్టుకుని నేనే వెళ్లాను. చౌకీదారు గేటు తియ్యలేదు. నాకు ప్రవేశం లేదని చెప్పమన్నారట. ఊచల సందులోంచి చూస్తే ఫ్రేమ్ ఉన్న చోటే ఉంది. లోపల, చివరి గది వైపు నుంచి పిల్లల కేకలు వినబడుతున్నాయి. పది పదిహేను మంది కలిసి, చప్పట్లు కొడుతూ, "చుప్, చుప్, చుప్." చౌకీదారే చెప్పాడు, రోజూ ఇదే గోల అని. పేపర్లో చదివిన దగ్గర్నుంచి జనం ముందు అక్కడికే వెళతారు, అది చుప్ అనేదాకా వదలరు.

"ఎవరు రాశారో గానీ, పిట్టకి నిద్ర లేదు బాబూ" అన్నాడు.

పేపరు జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చాను. ఆ కేకల సంగతి అమ్మకి చెప్పలేదు.

నాలుగో వారంలో సేఠ్ మాట నిలబెట్టుకున్నాడు. అప్పటి ఆఫీసర్లలో ఒకాయన సవరణ చదివి, మైనాని పంపావా అని ఏదో విందులో అందరి ముందు సేఠ్‌ని వేళాకోళం చేశాడని తర్వాత తెలిసింది. బావ మధ్యాహ్నపు ఎండలో, సాక్చి బజారు మధ్య నుంచి, బుట్ట పంజరం భుజానికి ఆనించి నడుచుకుంటూ వచ్చాడు. రిక్షా ఎందుకు ఎక్కలేదో తెలియదు. పంజరం అందరికీ కనిపించేలా నడిచి వెళ్లమని సేఠ్ చెప్పి ఉంటాడని నా అనుమానం. మెట్లెక్కి వరండాలో నిలబడేసరికి ఆయాసపడుతున్నాడు. మోకాళ్లు నిజంగానే నొప్పులున్నట్టున్నాయి.

అమ్మ కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇమ్మని నాతోనూ అనలేదు. బుట్ట అందుకుని, పిట్టని తన పంజరంలోకి మార్చింది. అది చిక్కిపోయింది. మెడ దగ్గర ఈకలు రాలిపోయి చర్మం కనబడుతోంది.

బావ గోడకి ఆనుకున్నాడు. "పని పోయినాదత్తా. సేఠ్ రావద్దన్నాడు. నాను చేసింది తప్పే. అయితే నాను చెప్పేదేటంటే..."

"చుప్" అంది గోరింక.

బావ ఆగిపోయాడు. ఈసారి పొరపాటుకి చోటు లేదు. పెదాలు బిగించి కొట్టినట్టు, పొట్టిగా, చివర ఏ అచ్చూ లేకుండా అంది. అది హిందీ.

అమ్మ నావైపు చూసింది, బావ వైపు కాదు.  తర్వాత పంజరం ముందు చతికిలబడి, "రామ రామ" అంది.

"చుప్."

"ఆ బాబుని ఎల్లమనరా" అంది అమ్మ.

బావ వెళ్లాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు చాలాసేపు వినబడింది. అక్క ఏడాది తర్వాత ఒక్కతే వచ్చి వెళ్లింది. అతను మళ్లీ ఆ మెట్లెక్కలేదు. అక్కా వాళ్లు పని వెతుక్కుంటూ రూర్కెలా వెళ్లిపోయారు.

గోరింక ఇంకో ఐదేళ్లు బతికింది. ఎనభైల్లోకి వచ్చాక, ఒక వర్షాకాలంలో పోయింది. అన్నాళ్లూ అమ్మ పొద్దున్నే స్టవ్ వెలిగించి దాని ముందు కూర్చునేది. రామనామం మానేసింది. ఉన్నదల్లా ఒక్క మాట. "చెప్పు" అనేది. అది "చుప్" అనేది. "చెప్పు." "చుప్." ఆవిడ గొంతు పెంచితే అదీ పెంచేది. నేను చాప మీద పడుకుని వింటూ ఉండేవాణ్ణి. కింద ప్రెస్సులో పొద్దుటి డ్యూటీకి వచ్చినవాళ్లు, పై గదిలో ఎవరో ఇద్దరు రోజూ పోట్లాడుకుంటారని అనుకునేవారు.